ఓట్లు సమానమైతే ప్రెసిడెంట్‌కి రెండో ఓటు ఉంటుందా?

ప్రశ్న: మాది నల్లకుంటలో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఓనర్ల అసోసియేషన్ సొసైటీగా రిజిస్టర్ అయింది. మొన్నటి జనరల్ బాడీ నోటీసులో ‘లెక్కల ఆమోదం, ఇతర విషయాలు’ అని మాత్రమే ఉంది. తీరా వెళ్లాక లిఫ్టులు మార్చడానికి ఫ్లాటుకు 40 వేలు కట్టాలని తీర్మానం పెట్టారు. చేతులెత్తితే అటు 18, ఇటు 18. ప్రెసిడెంట్ గారు ‘నాకింకో ఓటుంది’ అంటూ, వాట్సాప్‌లో ‘ఓకే’ పెట్టిన ఆరుగురినీ కలిపేసుకుని తీర్మానం నెగ్గిందన్నారు. ఇది చెల్లుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసింది రాసినట్టే జరిగి, మీ బైలాస్‌లో (సొసైటీ రాసుకున్న నియమాల్లో) వేరే ఏర్పాటు ఏదీ లేకపోతే చెల్లదమ్మా. ముందు బైలాస్ కాపీ తెప్పించుకోండి. చాలా అసోసియేషన్లలో అది రిజిస్ట్రేషన్ నాటి ఫైల్లోంచి బయటికే రాదు.

కుర్చీలో కూర్చున్నంత మాత్రాన రెండో ఓటు రాదు. ఓట్లు సమానమైనప్పుడు వేసే ఆ అదనపు ఓటు, అంటే కాస్టింగ్ ఓటు, బైలాస్‌లో రాసి ఉండాలి. లేకపోతే 18–18 అంటే తీర్మానం వీగిపోయినట్టే. మెజారిటీ తెచ్చుకోవాల్సింది తీర్మానం పెట్టినవాళ్లే.

మీటింగుకి రానివాళ్ల ఓటూ అంతే. కంపెనీల చట్టం, 2013లో షేర్ హోల్డర్లకు ప్రాక్సీ హక్కు (తమ బదులు ఇంకొకరితో ఓటు వేయించే హక్కు) ఉంది కదా అని సొసైటీలకూ ఉంటుందనుకుంటారు. నిబంధన లేనిదే ఉండదు. ఇక వాట్సాప్ ‘ఓకే’ ప్రాక్సీ కూడా కాదు. ఆ ఫోన్ నొక్కింది ఓనరో, అద్దెకున్నవాళ్లో ఎవరు చెప్పాలి? హాజరు రిజిస్టర్‌, మినిట్స్ (మీటింగులో జరిగింది రాసిన పుస్తకం) పక్కపక్కన పెట్టి చూడండి. ఇక్కడ 36 సంతకాలు, అక్కడ 25కి (18, వాట్సాప్ ఆరు, ప్రెసిడెంట్ రెండో ఓటు) 18, అంటే 43 ఓట్లు. అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అన్నిటికన్నా గట్టి పాయింట్ నోటీసు. ‘ఇతర విషయాలు’ అన్నది వాచ్‌మన్ సెలవులు, పార్కింగ్ గీతల్లాంటి చిల్లర సంగతులకు. ఇంటికి 40 వేలు అడిగే విషయం ముందే రాయాలి. తెలిస్తే మీటింగుకి వచ్చి ఉండేవాళ్లు ఎంతమందో! లిఫ్టులు నిజంగానే పాతబడి ఉండొచ్చు, అది వేరే సంగతి. మార్చడం మంచిదా కాదా అని కోర్టు తేల్చదు. నిబంధనల ప్రకారం నడిచారా, సద్బుద్ధితో చేశారా అనే చూస్తుంది. బెల్గాంలో ఫ్రీమేసన్ల సంఘమైన ‘లాడ్జి’ నుంచి ఒక సభ్యుడి బహిష్కరణపై వచ్చిన టి.పి. దావర్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే ఈ దారి వేసింది.

ముందుగా సెక్రటరీకి మీ అభ్యంతరం రాసిచ్చి, కాపీ మీద సంతకం తీసుకోండి. ఆలస్యం చేస్తే ‘ఒప్పుకున్నారు కదా’ అంటారు. మీవైపున్న 18 మందీ కలిసి, సరైన అజెండాతో మళ్లీ జనరల్ బాడీ పెట్టమని అడగండి. ఎంతమంది సంతకం చేయాలో బైలాస్‌లోనే ఉంటుంది. ఈసారి చేతులు కాదు, పేరు పిలిచి ఓటు రాయమనండి. దానికీ కదలకపోతే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి తీర్పుకి) వెళ్లొచ్చు, లేదా జిల్లా కోర్టులో పిటిషన్ వేయొచ్చు. మీది హైదరాబాద్ కాబట్టి సిటీ సివిల్ కోర్టు. ఈలోగా నెలవారీ మెయింటెనెన్స్ మాత్రం ఆపకండి. బకాయి ఉన్నవాళ్లకు ఓటు లేదని కొన్ని బైలాస్‌లో ఉంటుంది.