గోదాములో పాత సరుకు, బజారులో కొత్త ధర

ప్రశ్న: చెన్నై తండయారుపేటలో మాకు కిరాణా కొట్టు ఉంది. 2022లో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన కొద్ది రోజులకే పొద్దుతిరుగుడు నూనె ధర పెంచేశారు. గోదాముల్లో ఉన్నది అంతకు ముందు దిగిన సరుకే కదా, దాని ధర ఎందుకు పెరగాలి? ఇది టోకు వ్యాపారుల అత్యాశ కాదా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: అత్యాశ కొంత ఉండవచ్చు గాని, అసలు కారణం అది కాదు. పాత సరుకు అమ్మగా వచ్చిన డబ్బుతోనే కొత్త సరుకు కొనాలి కనుక, టోకు వ్యాపారి తాను కొన్న ధరను కాక, రేపు కొనవలసి వచ్చే ధరను చూసి అమ్ముతాడు. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం అప్పట్లో ఉక్రెయిన్‌దే. ఫిబ్రవరి 24న దాడి మొదలవగానే ఒడెస్సా మొదలైన నల్లసముద్రపు రేవులు మూతపడ్డాయి. అక్కడ నూనె లేక కాదు, తెచ్చే ఓడ లేక మనకు కొరత వచ్చింది. అది దొరకనివాళ్లంతా పామాయిల్ మీద పడ్డారు. తమ దేశంలోనే ధర మండిపోతోందని ఇండోనేషియా ఏప్రిల్ 28 నుంచి కొన్ని వారాలు పామాయిల్ ఎగుమతిని నిలిపివేసింది.

యుద్ధభయం ఉన్న సముద్రంలోకి వెళ్లే ఓడకు మామూలు బీమా చాలదు, విడిగా యుద్ధ బీమా కట్టాలి. ఆ రుసుము ఒక్కసారిగా పెరిగితే, ఒక్క గుండు పేలకపోయినా ఓడ రేవులోనే ఆగిపోతుంది. ఇది మన నగరం అనుభవించిన సంగతే. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు తీరానికి వచ్చి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను గుండ్లతో తగలబెట్టింది. హైకోర్టు ప్రహరీ దగ్గర గుండు పడిన చోట శిలాఫలకం ఉంది, వీలైతే చూడండి. కాలిపోయిన నూనె కంటే భయం వల్ల జరిగిన నష్టమే పెద్దది: జనం ఊరు విడిచారు, బంగాళాఖాతంలో ఓడల రాకపోకలు దెబ్బతిన్నాయి, బీమా రేట్లు ఎగబాకాయి.

యుద్ధంలో సరుకు రాక ఆగితే పెరిగేది ధర ఒక్కటే కాదు. 1942 మార్చిలో రంగూను జపాన్ వశం కావడంతో బర్మా బియ్యం రాక ఆగిపోయింది. మరుసటి ఏడాది బెంగాల్ కరువులో 20 లక్షలకు పైగా ప్రాణాలు పోవడానికి అదొక్కటే కారణం కాదు. యుద్ధ ఖర్చుతో పెరిగిన ధరలు, పల్లెల పడవలను ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడం, దాని నిర్లక్ష్యం అన్నీ కలిశాయి. ఆ మరణాలను పక్కనపెట్టి యుద్ధ నష్టాన్ని ఎగుమతి దిగుమతుల లెక్కల్లో మాత్రమే చెప్పడం నాకు న్యాయంగా తోచదు.

ఇక మీ సందేహానికి మరో వైపు కూడా ఉంది. ఇండోనేషియా నిషేధం ఎత్తివేసింది, ఉక్రెయిన్ ధాన్యపు ఓడలను నల్లసముద్రం దాటనివ్వడానికి రష్యా కూడా ఒప్పుకున్న ఇస్తాంబుల్ ఒప్పందం వల్ల ఆగస్టు 1న ఒడెస్సా నుంచి ధాన్యపు ఓడ కదిలింది. యుద్ధం ఆగకుండానే వంటనూనెల ధరలు దిగాయి. అలా దిగే రోజుల్లో, హెచ్చు ధరకు సరుకు నింపుకున్న టోకు వ్యాపారి నష్టానికైనా అమ్ముకోక తప్పదు, ఎందుకంటే అప్పుడు కూడా బజారు చూసేది రేపటి ధరనే.