హెల్మెట్‌కి అరకిలో కందిపప్పు కట్టి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హెల్మెట్‌కి తగిలించుకుని చీకట్లో చూసే నైట్ విజన్ గాగుల్స్ గురించే. కెమెరాల ప్రశ్నలు వచ్చే నెలకి, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదప్పుడు మా వీధి కుర్రాళ్లం పడవల్లో తిరిగి జనాన్ని బయటికి తెచ్చాం. కరెంటు లేక రాత్రి ఏమీ కనపడక ఒకటే టెన్షన్. ఇప్పుడు చందాలేసుకుని రెండు కళ్లకీ పెట్టుకునే నైట్ విజన్ కొందామనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో 18 వేలకి చూశాం. తీసుకోవచ్చా అండీ?
– అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: వద్దు తమ్ముడూ. ఈ గాగుల్స్ పుట్టింది తను చూడాలి గానీ తను కనపడకూడదు అనుకునేవాడి కోసం. మీకు కావాల్సింది దానికి సరిగ్గా తిరగేసి కదా! డాబా మీద పిల్లల్ని పెట్టుకుని కూర్చున్న మనిషికి మీ లైటు కనపడితేనే "ఇటు, ఇటు" అని కేకేస్తాడు. గాగుల్స్ పెట్టుకుని చీకట్లో వెళ్తే మీరొచ్చిన సంగతే అతనికి తెలియదు.

పైగా ఆ 18 వేలది డిజిటల్ సరుకు. లోపల మామూలు కెమెరా సెన్సరు, కంటి ముందు బుల్లి తెర, పక్కన కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు ఒకటి. వాన పడుతుంటే ఆ లైటు చినుకుల మీద పడి తిరిగొచ్చి బొమ్మంతా తెల్లగా అలుక్కుపోతుంది. మీరు తల తిప్పిన కాసేపటికి బొమ్మ తిరుగుతుంది, ఊగే పడవలో అది చాలు కడుపులో తిప్పడానికి. ఆ డబ్బుతో మంచి హెడ్‌ల్యాంపులు, ఒక సెర్చ్ లైటు, లైఫ్ జాకెట్లు కొనండి. ఇంకా మిగిలితే, చందా ఇంకాస్త పెరిగితే, చేత్తో పట్టుకునే, వేడిని బొమ్మగా చూపే థర్మల్ కెమెరా ఒకటి చూడండి. చల్లటి నీళ్ల మధ్య మనిషి ఒంటి వేడి దీపంలా తేలుతుంది. కాకపోతే కిటికీ అద్దం వెనకున్న మనిషి థర్మల్‌కి కనపడడు, తెగి వేలాడే తీగల విషయంలో కూడా దాన్ని నమ్ముకోవద్దు.

ప్రశ్న: అటవీ శాఖ అనుమతితో కృష్ణా మడ అడవుల్లో ఫిషింగ్ క్యాట్ (చేపలు పట్టే అడవి పిల్లి) సర్వేకి వెళ్తుంటాం. టార్చి వేస్తే పిల్లి మాయం. రెండు ట్యూబుల (ఉన్న కొద్దిపాటి వెలుతురుని పెంచి చూపే గొట్టాలు) సెట్ కొనాలని బృందం నిర్ణయం. జెన్ 2 (రెండో తరం) మంచిదా, జెన్ 3 (మూడో తరం) మంచిదా? బొమ్మ పచ్చగా కనపడేదా, తెల్లగా కనపడేదా? డాలస్‌లో ఉన్న మా బావ వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు.
– బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు మీ బావగారికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. అమెరికా నుంచి ఇలాంటివి బయటికి తేవాలంటే అక్కడి ప్రభుత్వ ఎగుమతి లైసెన్సు ఉండాలి. లేకుండా ఆవకాయ సీసాల పక్కన సూట్‌కేసులో పెట్టుకొస్తే అక్కడి చట్టం ప్రకారం నేరం, ఉద్యోగం వీసా అన్నీ చిక్కులో పడతాయి. యూరప్ ట్యూబులున్నవి తెప్పించుకునేవాళ్లు ఉన్నారు, అయినా డబ్బు కట్టేముందు కస్టమ్స్ ఏజెంటుని కాగితాల సంగతి అడగండి.

ఇక మీకైతే ఈ గాగుల్స్ నిజంగా పనికొస్తాయి, లైటు వేయకూడదు కాబట్టి. జెన్ 2లో, జెన్ 3లో కాంతిని పట్టే పొర వేరు. జెన్ 3లో గాలియం ఆర్సెనైడ్ వాడతారు, మబ్బు పట్టిన అమావాస్య రాత్రి దాని పైచెయ్యి తెలుస్తుంది. అయితే పెట్టె మీద "జెన్ 3" అని రాసుందని మురిసిపోకండి, మంచి జెన్ 2 ట్యూబు నాసిరకం జెన్ 3ని సులువుగా కొట్టేస్తుంది. అమ్మేవాణ్ని ఆ ట్యూబు నంబరుకి చెందిన డేటా షీట్ అడగండి. అందులో మిల్లీమీటరుకి ఎన్ని గీతల జంటలు విడిగా కనపడతాయో ఉంటుంది, సిగ్నల్‌కీ (అసలు బొమ్మకీ) నాయిస్‌కీ (దాని మీద ఆడే చుక్కలకీ) నిష్పత్తి ఉంటుంది. ఈ రెండిటినీ గుణిస్తే వచ్చేదే ఎఫ్‌ఓఎం, అంటే ట్యూబు నాణ్యతకి ఒక్క అంకెలో వేసే మార్కు. 64ని 25తో గుణిస్తే 1600, అంతే లెక్క. మొత్తం ఒకటే అయినా మడ చెట్ల కింద తిరిగే మీకు రెండో అంకె ఎక్కువున్నదే మేలు. అది తక్కువైతే చీకటి పెరిగేకొద్దీ బొమ్మ మీద ఇసుక చల్లినట్టు చుక్కలు ఆడుతూ ఉంటాయి, పిల్లి తోకేదో రెల్లుగడ్డి ఏదో తెలియదు. షీట్ లేదన్నవాడి దగ్గర కొనకండి. ఇంకో మోసం, మోసం అనకూడదేమో గానీ, రెండు కళ్ల అద్దాలున్నంత మాత్రాన లోపల రెండు ట్యూబులున్నట్టు కాదు. ఒకే ట్యూబు బొమ్మని రెండు కళ్లకీ పంచే మోడళ్లు చాలాకాలంగా ఉన్నాయి. ముందు వైపు అద్దాలు లెక్కపెట్టండి.

పచ్చ, తెలుపు మీ ఇష్టం. నాకు తెలుపే హాయి.

కొత్తగా కొనేవాళ్లంతా డబ్బు ట్యూబు మీద పోసి హెల్మెట్‌ని గాలికొదిలేస్తారు, నాకు ఒళ్లు మండేది అక్కడే. గాగుల్స్, వాటిని హెల్మెట్‌కి పట్టి ఉంచే మౌంటు కలిపి నుదుటి ముందు అరకిలో పైమాటే. బైక్ హెల్మెట్ పనికిరాదు. ముందువైపు మౌంటు బిగించే పలక, వెనక బిగువు తిప్పే మర, గడ్డం కింద నాలుగు కొసల పట్టీ ఉన్న తేలికపాటి హెల్మెట్ కావాలి. లక్షలు పెట్టేముందు ఓ పని చేయండి. ఆ హెల్మెట్ ముందు అరకిలో కందిపప్పు పొట్లం గట్టి టేపుతో అంటించి, డాబా మీద గంటసేపు నడవండి, వంగి కాళ్లు చూసుకోండి, కూర్చుని లేవండి. పొట్లం ముక్కు మీదికి జారితే ఆ హెల్మెట్ మీ తలది కాదు. మెడ పట్టేస్తే వెనకవైపు ఇంకో పావుకిలో అంటించి మళ్లీ నడవండి, మొత్తం బరువు పెరిగినా మెడకి తేలికైనట్టుంటుంది. బ్యాటరీ పెట్టెని హెల్మెట్ వెనక పెట్టేది కూడా అందుకే. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ప్రశ్న: సర్వే సంస్థ సెట్ పెట్టుకుంటే అరగంటకే తలనొప్పి. అందరికీ బాగానే ఉందట. నాకు మైనస్ 2 సైటు ఉంది. నా కళ్లదే తప్పా?
– గుంటూరు

జవాబు: మీ కళ్లది కాదు, మీకన్నా ముందు వాడినాయన పెట్టిన ఫోకస్‌ది. ఎవరు పెట్టుకుంటే వాళ్లు మొదటినుంచీ సర్దుకోవాలి. ముందు రెండు గొట్టాల మధ్య దూరం మీ కనుపాపలకి సరిపడా జరపండి. సినిమాల్లోలా పక్కపక్కన రెండు గుండ్రాలు కాదు, ఒకటే గుండ్రం కనపడాలి. తర్వాత ఎడమ గొట్టాన్ని చేత్తో మూసి, కన్ను మాత్రం మూయకుండా, కుడి గొట్టం ముందు అద్దంతో ఒక నక్షత్రాన్ని సాధ్యమైనంత చిన్న చుక్కగా చేయండి. ఇప్పుడు కంటి వైపు రింగుని ప్లస్ చివరిదాకా తిప్పేసి, మెల్లగా వెనక్కి రండి, స్పష్టంగా కనపడగానే ఆగిపోండి. తలనొప్పి పుట్టేది ఇక్కడే, ఎందుకంటే ఇంకాస్త తిప్పినా బొమ్మ బాగానే ఉంటుంది, కానీ అది బాగుండేలా చేస్తున్నది మీ కంటి కండరం, అరగంటకి అది అలిసిపోతుంది. రెండో వైపూ ఇంతే. చాలా మోడళ్లలో ఆ రింగు మైనస్ 6 దాకా సర్దుతుంది కాబట్టి కళ్లజోడు తీసేయొచ్చు, సిలిండర్ పవరుంటే మాత్రం అది సర్దదు. ఇంత చేసినా దూరపు దీపం రెండుగా కనపడి, కళ్లు బిగబడితే గానీ ఒకటి కాకపోతే ట్యూబులు సమాంతరంగా లేవన్నమాట, రిపేరుకి పంపమనండి.

ప్రశ్న: పెట్టుకుని రాత్రి హైవే మీద బైక్ నడపొచ్చా?
– పటమట, విజయవాడ

జవాబు: వద్దు. వీటిలో కనపడేది 40 డిగ్రీల గుండ్రం, పక్కనుంచి వచ్చే లారీ దాంట్లో ఉండదు. నేను ప్రకాశం బ్యారేజీ దిగువ ఇసుకలో నడుస్తూ, అదీ నడుస్తూ, గట్టు వైపు తల తిప్పాను. ఒక్కో దీపం చుట్టూ కొబ్బరిచిప్పంత వెలుగు వలయం. మళ్లీ కిందికి చూసి చదునే అనుకుని అడుగేస్తే మోకాలి లోతు గుంట. దూరానికి ఫోకస్ పెట్టి ఉంటే కాళ్ల దగ్గర అంతా మసకే, రెండు ట్యూబులున్నా లోతు అంచనా పగటిలా అందదు.

ప్రశ్న: మన మచిలీపట్నంలోనే నైట్ విజన్ తయారవుతుందట కదా, అక్కడే కొనలేమా?
– గవర్నరుపేట, విజయవాడ

జవాబు: తయారవుతుంది. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది, ఆ యూనిట్టే అది. కాకపోతే వాళ్లు చేసేది సైన్యానికి, భద్రతా దళాలకి. గేటు దగ్గర కౌంటరేమీ ఉండదు.

ప్రశ్న: మన ఉక్కపోతలో ఎలా దాచాలి?
– గుంటూరు

జవాబు: ఏసీ కారులోంచి తీసి నేరుగా పెట్టుకుంటే అద్దాలు చెమటలు పడతాయి. మూసిన పెట్టెతోనే అరగంట బయట ఉంచి తర్వాత తెరవండి. పెట్టెలో సిలికా జెల్ సంచులు వేసి, బ్యాటరీ తీసేయండి. కండువాతో తుడవొద్దు. ముందు అద్దాల మూతలు పగలు తీయకండి, ఆఫ్‌లో ఉన్నా సరే, ఎండ నేరుగా పడితే ట్యూబు మీద మచ్చ అలాగే ఉండిపోతుంది.