బండిలో వచ్చిన ఆవిడ పుట్టింటి పేరు

చిరంజీవి అమ్మడికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటోని రాత్రి కంప్యూటర్‌లో పెద్దది చేసుకుని చూస్తూ కూర్చున్నాను. నల్ల గౌను, మెడ దగ్గర తెల్లటి లేసు, ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న చేతులు. వేళ్ల కణుపులు ఉబ్బి ఉన్నాయి. జీవితమంతా కష్టం చేసిన చేతులవి. వెనక పెన్సిల్‌తో "అమ్మమ్మ, 1852లో బండిలో వచ్చింది" అన్న ముక్క తప్ప ఇంకేమీ లేదన్నావు. ఆ మాట రాసింది మీ అత్తగారి అమ్మమ్మ కదా. అంటే ఈవిడ మీ అత్తగారి అమ్మమ్మకు అమ్మమ్మ అన్నమాట, అమెరికా తూర్పు నుంచి బండి కట్టుకుని పడమటన ఉన్న ఒరెగాన్‌కు వచ్చినావిడ. పాపకు ఆవిడ కథ చెప్పాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది అని రాశావు. నాకు చాలా సంతోషమేసింది. మెట్టినింటి పెద్దవాళ్లను కూడా మనవాళ్లే అనుకుంటేనే ఇలాంటి ఆలోచన వస్తుంది.

నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పై ఏళ్లు దస్తావేజులు తిరగేసినదాన్ని. ఒరెగాన్ వచ్చాక పన్నెండేళ్లుగా ఇక్కడి లైబ్రరీలో వంశచరిత్ర వెతుక్కునేవాళ్లకు సాయం చేస్తున్నాను. ఈ రెండు పనుల్లోనూ నేను నేర్చుకున్నది ఒకటే. పాత కాగితాల్లో ఆడమనిషి నేరుగా దొరకదు. ఆమె పక్కన నిలబడ్డవాళ్లను పట్టుకుంటే దొరుకుతుంది.

ముందు ఒక పెద్ద కాగితం తీసుకుని మీ అత్తగారి పేరు కింద రాసుకుని పైకి వెళ్లు. ఆవిడ తల్లి, ఆ తల్లికి తల్లి, మళ్లీ ఆమె తల్లి, చివర ఈ ఫొటోలో ఉన్నావిడ. అందరూ ఆడవాళ్లే, అందుకే ప్రతి తరంలోనూ ఇంటిపేరు మారిపోయింది. ఒక్కో మెట్టు ఎక్కాలంటే ఒక్కో పెళ్లి కాగితం కావాలి. మెట్లు వదిలేసి ఒక్కసారే 1852కి దూకకు. తొందరపడి దూకినవాళ్లలో చాలామంది వేరే వాళ్ల అమ్మమ్మను తెచ్చుకుని తమ గోడకు తగిలించుకున్నారు.

నేనూ ఆ తప్పు చేశాను. ఇంటర్నెట్‌లో ఎవరో కట్టిన వంశవృక్షం చూసి, అందులోని పేరు అలాగే ఎత్తి రాసి, ఒకావిడ చేతిలో పెట్టాను. ఒకే కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి దాంట్లో, ఒకే పేరుతో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారని, ఇద్దరి భర్తల ఇంటిపేరూ ఒకటేనని నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. ఒకామె 1871లో చనిపోయినట్టు సమాధి రాయి ఉంది, ఇంకొకామె 1880 జనాభా లెక్కల్లో పిల్లలతో బతికే ఉంది. ఆ కుటుంబానికి మళ్లీ ఫోన్ చేసి నేను చెప్పింది తప్పు అని ఒప్పుకోవాల్సి వచ్చింది. వాళ్లు అప్పటికే పేర్లు అచ్చు వేయించుకున్నారు. అప్పటినుంచి ఎవరి వంశవృక్షాన్నైనా ఆచూకీగానే వాడుకుంటున్నాను, అసలు కాగితం చూడనిదే పెన్నుతో రాయను. నువ్వూ పెన్సిల్‌తో మొదలుపెట్టు.

ఇక జనాభా లెక్కల సంగతి. ఇవన్నీ ఫ్యామిలీ సెర్చ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. అమెరికాలో పదేళ్లకోసారి 1790 నుంచి లెక్కలు తీస్తున్నారు గానీ, 1840 వరకు ఇంటి యజమాని పేరు ఒక్కటే రాసేవారు. మిగతా వాళ్లంతా వయసు గడుల్లో అంకెలు మాత్రమే. ఆడవాళ్లు, పిల్లలు సహా ఇంట్లో ఉన్న అందరి పేర్లూ మొదటిసారి 1850లో రాశారు. అదీ స్వేచ్ఛగా ఉన్నవాళ్లవి మాత్రమే, బానిసలుగా ఉన్నవాళ్లకు పేరైనా రాయలేదు. ఫొటోలో ఉన్నావిడ 1852లో బయలుదేరిందంటే, 1850 లెక్కల్లో ఇంకా తూర్పునే, ఇల్లినాయ్‌లోనో మిస్సోరీలోనో అయోవాలోనో ఉండి ఉంటుంది. అప్పటికి పెళ్లి కాకపోయి ఉంటే తండ్రి ఇంట్లో, పుట్టింటి పేరుతోనే ఉంటుంది. కాబట్టి నువ్వు వెతకాల్సిన అసలు వస్తువు ఆ పుట్టింటి పేరు. అది దొరికితే తలుపు తెరుచుకున్నట్టే.

1850, 1860, 1870 లెక్కల్లో ఇంటి యజమానికి ఎవరు ఏమవుతారో రాయలేదు. ఒకే ఇంట్లో ఉన్నారని తల్లీబిడ్డలు అనుకోకు, రెండో భార్య కావచ్చు, పెద్దక్క కావచ్చు. వరస రాయడం 1880లో మొదలైంది, తల్లి ఎక్కడ పుట్టిందో తండ్రి ఎక్కడ పుట్టాడో కూడా అందులో ఉంటుంది. 1890 లెక్కలు మాత్రం దాదాపు ఏమీ మిగల్లేదు, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో పాడైపోయాయి. 1880కీ 1900కీ మధ్య పెళ్లయిన కూతురు అందుకే మాయమైనట్టు కనిపిస్తుంది. ఆ ఇరవై ఏళ్ల గుంతను పెళ్లి కాగితాలతో, పత్రికలతో పూడ్చుకోవాలి.

1900 లెక్కల పేజీ దొరికినప్పుడు మాత్రం ఆగి చూడు. ఎంతమంది పిల్లలకు తల్లి, ఇప్పుడు ఎంతమంది ఉన్నారు అని రెండు గడులు ఉంటాయి. ఒకసారి నా పక్కన కూర్చున్న ఒకాయన వాళ్ల ముత్తవ్వ వరుసలో వేలు పెట్టి చదువుతూ తొమ్మిది, ఐదు అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చెప్పని నలుగురు పిల్లలు ఆ రెండు అంకెల మధ్య ఉన్నారు. అలాంటి పిల్లల కోసం 1850 నుంచి 1880 వరకు జనాభా లెక్కలతో పాటే తీసిన మరణాల జాబితాలు చూడాలి. లెక్కలకు ముందటి ఏడాదిలో చనిపోయినవాళ్ల పేరు, వయసు, జబ్బు అందులో ఉంటాయి.

మీ అత్తగారి వాళ్లది ఒరెగాన్‌లోని విలమెట్ లోయ కాబట్టి నీకు ఒక అదృష్టం ఉంది. 1850లో డొనేషన్ ల్యాండ్ క్లెయిమ్ చట్టం వచ్చింది. ఆ ఏడాది డిసెంబరు తర్వాత 1855 లోపల ఒరెగాన్ చేరిన దంపతులకు 320 ఎకరాలు ఇచ్చేవారు, అందులో సగం భార్య పేరు మీదే. ఆ రోజుల్లో చాలాచోట్ల పెళ్లయిన ఆడదానికి తన పేరున ఆస్తే ఉండేది కాదు, అలాంటిది 160 ఎకరాలు! ఆ సగం రావాలంటే పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చెప్పాలి. కాబట్టి ఆ దరఖాస్తుల్లో పెళ్లి తేదీ, ఊరు ఉంటాయి, భార్య సొంత పేరూ ఉంటుంది. పెళ్లి ప్రయాణానికి ముందే అయ్యిందంటే తూర్పున ఆ కౌంటీ కోర్టు రికార్డులు చూడు, తర్వాత అయ్యిందంటే ఒరెగాన్‌లోనే. వాళ్ల పిల్లలు ఎవరైనా తర్వాత హోమ్‌స్టెడ్ చట్టం కింద, అంటే సాగు చేసుకుని కాపురం ఉన్నవాళ్లకు ప్రభుత్వ భూమి ఇచ్చే చట్టం కింద, భూమి తీసుకుని ఉంటే ఆ ఫైలూ తెప్పించుకో. ఇల్లు ఎన్ని గదులు, ఎన్ని ఎకరాలు దున్నారు అన్న వివరాలు కూడా సాక్షుల నోట చెప్పించి రాసేవారు.

సాక్షులు అన్నాను కదా, నా ఉద్యోగం అనుభవం మొత్తం ఇక్కడే పనికొచ్చింది. దస్తావేజు మీద సాక్షి సంతకం చేసేవాడు దారిన పోయేవాడు కాదు. బావమరిదో, అన్నో, పొలం గట్టు పక్కవాడో అయి ఉంటాడు. ఒరెగాన్ దారి దాదాపు 2,000 మైళ్లు, నాలుగు నుంచి ఆరు నెలల ప్రయాణం. అంత దూరం ఎవరూ ఒంటరిగా రాలేదు, చుట్టాలు, చర్చి వాళ్లు, ఊరివాళ్లు కలిసి బండ్లు కట్టుకుని వచ్చారు, వచ్చాక పక్కపక్కనే భూములు తీసుకున్నారు. అందుకని ఆవిడ క్లెయిమ్‌ను, అంటే వాళ్లకు వచ్చిన ఆ భూమిని, మ్యాపు మీద గుర్తుపెట్టి, చుట్టూ ఉన్న క్లెయిమ్‌ల పేర్లన్నీ రాసుకో. మన దస్తావేజుల్లో చౌహద్దులు రాసుకుంటామే, అలాగే. ఆ పేర్లలో ఒకటి ఆవిడ పుట్టింటిది అయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఏదో ఒక ఇంటిపేరు ఆవిడ కొడుకుల్లో ఒకరికి మధ్యపేరుగా కనిపించిందా, ఇక వదలకు.

భూమి అమ్మిన దస్తావేజులు కూడా తప్పక చూడు. భర్త అమ్మేటప్పుడు భార్యకు ఆ భూమిలో ఉన్న హక్కు వదులుకుంటున్నట్టు ఆమె చేత ఒప్పించాలి. భర్తను పక్కకు పంపి, ఎవరి బలవంతమూ లేకుండా ఒప్పుకుంటున్నావా అని అధికారి ఆమెను విడిగా అడిగి రాసుకునేవాడు. మొదటిసారి ఆ వాక్యం చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. చదువు రానివాళ్లయితే పేరుకూ ఇంటిపేరుకూ మధ్య ఒక చిన్న ఇంటూ గుర్తు, దాని పైన కింద "ఆమె గుర్తు" అన్న మాట ఉంటాయి. మన నిశానీ లాంటిదే. కౌంటీ పుస్తకంలో ఉండేది గుమాస్తా ఎత్తి రాసిన ప్రతి. అసలు దస్తావేజు ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ ఇంటూ ఆవిడ చేత్తో గీసిందే.

సైనికుల పెన్షన్ ఫైళ్లనూ వదలకు. ఆవిడ భర్త అమెరికా అంతర్యుద్ధానికి వెళ్లకపోయినా తూర్పున ఉన్న అన్నదమ్ములు వెళ్లి ఉండొచ్చు. పెళ్లికాని కొడుకు యుద్ధంలో చనిపోతే, అతని మీద ఆధారపడ్డ తల్లి పెన్షన్ అడగవచ్చు. బంధుత్వం రుజువు చేయడానికి కొందరు తమ ఇంటి బైబిల్‌లోంచి పుట్టుకలూ పెళ్లిళ్లూ రాసుకున్న కాగితాన్నే చింపి పంపేశారు. అలాంటిది ఒకటి నేను ప్రభుత్వ పాత కాగితాలు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌లో చూశాను. చింపిన అంచు ఇంకా గరుగ్గా ఉంది. ఏడుగురు పిల్లల పేర్లు ఒకే చేతిరాతలో, ఒకే సిరాలో ఉన్నాయి. అంటే అందరూ పుట్టాక ఒకే రోజు కూర్చుని రాసిందన్నమాట, తేదీలు కాస్త అటూ ఇటూ కావచ్చు. ఏ పేరు ఏ సిరాతో రాశారనేది కూడా చూసుకోవాలి.

ఆవిడ రాసిన ఉత్తరాలు ఆవిడ సంతానం దగ్గర ఉండవు, అందుకున్నవాళ్ల సంతానం దగ్గర ఉంటాయి. టబితా బ్రౌన్ అని మసాచుసెట్స్‌లో పుట్టిన ఒక పెద్దావిడ, పుట్టింటి పేరు మొఫట్, 66 ఏళ్ల వయసులో 1846లో ఒరెగాన్ వచ్చింది. చేతి తొడుగు వేలిలో ఆరుంపావు సెంట్ల నాణెం దొరికితే దానితో మూడు సూదులు కొని, జింకతోలు తొడుగులు కుట్టి అమ్మి నిలదొక్కుకుంది. ఇది మనకు తెలిసింది 1854లో ఆవిడ తోబుట్టువులకు రాసిన ఉత్తరం వల్లనే. అందుకే పుట్టింటి ఊరు తెలియగానే అక్కడి చారిత్రక సంఘానికి రాయి. ఇక 1852లో దారి ఎలా ఉండేదో పాపకు చెప్పాలంటే, ఆ ఏడాదే ఇల్లినాయ్ నుంచి వచ్చిన ఎబిగేల్ స్కాట్ దినచర్య చదువు. పదిహేడేళ్ల పిల్ల, దారిలోనే తల్లి కలరాతో పోయింది. తర్వాత ఆ పిల్లే ఒరెగాన్ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం నాలుగు దశాబ్దాలు పోరాడి 1912లో సాధించింది.

పత్రికల్లో ఆవిడ సొంత పేరుతో వెతికితే దొరకదు, ఫలానా వారి భార్య అనే రాసేవారు. భర్త పేరు, అల్లుళ్ల పేర్లతో వెతుకు. పాత పత్రికలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వారి క్రానికలింగ్ అమెరికా వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. సమాధి రాయి మీద అక్షరాలు అరిగిపోయి ఉంటే షేవింగ్ క్రీమ్ పూయమని ఎవరైనా చెబుతారు, పూయకు, రాయి పాడవుతుంది. ఒక అద్దంతో పక్కనుంచి ఎండ పడేలా పెడితే అక్షరాలు లేచి కనిపిస్తాయి. డీఎన్ఏ పరీక్ష చేయించాలనుకుంటే మీ అత్తగారికే చేయించు. తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ ఆ ఫొటోలో ఉన్నావిడ నుంచి మీ అత్తగారికి, ఆవిడ నుంచి మీ ఆయన దాకా వస్తుంది, మీ పాపకు మాత్రం నీదే వస్తుంది.

ఇంకొక్క మాట, ఇది పాపకు చెప్పేటప్పుడు వదిలేయకు. ఆ 320 ఎకరాలు ఖాళీగా ఉన్న భూమి కాదు. విలమెట్ లోయ అక్కడి మూలవాసులైన కలపూయా ప్రజలది. వాళ్లతో ఒప్పందం 1855లో గానీ కుదరలేదు, భూములు పంచే చట్టం అంతకు ఐదేళ్ల ముందే వచ్చేసింది. 1856లో వాళ్లను గ్రాండ్ రోండ్ రిజర్వేషన్‌కు, అంటే మూలవాసులకని ప్రభుత్వం కేటాయించిన ప్రాంతానికి, తరలించారు. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడ ఉంది. ఆవిడ కష్టమూ నిజమే, వాళ్ల నష్టమూ నిజమే. రెండూ ఒకే పేజీలో రాయి.

ఈ ఆదివారం మీ అత్తగారి దగ్గర కూర్చుని ఆవిడ అమ్మమ్మ గురించి గుర్తున్నదంతా ఫోన్‌లో రికార్డు చెయ్యి. మిగతా కాగితాలు ఎక్కడికీ పోవు, ఆవిడకు ఎనభై దాటాయి. ఇంట్లో పాత బైబిల్ ఉందేమో అడుగు. ఉంటే పేర్లు రాసిన పేజీలు ముందూ వెనకా రెండు వైపులా ఫొటో తీసి నాకు పంపు. ఏ సంవత్సరం అచ్చైందో చెప్పే మొదటి పేజీ కూడా.

ప్రేమతో,
పెద్దమ్మ