మల్టీక్లాసింగ్‌కు హద్దు ఎక్కడ పెట్టాలి?

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు పోషించే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో మీ ఆటగాడొకరు పాలడిన్‌కు (ప్రతిజ్ఞ పూనిన పవిత్ర యోధుడు) ఒకే ఒక్క లెవెల్ వార్లాక్‌ను (అతీత శక్తితో ఒప్పందం చేసుకున్న మాంత్రికుడు) జోడించి మిగతావారిని వెనక్కి నెట్టేస్తున్నారనీ, ఇకమీదట మల్టీక్లాసింగ్‌ను, అంటే ఒకే పాత్రకు ఒకటికి మించి క్లాసులు (వృత్తులు) కలపడాన్ని, నిషేధించాలా లేక పరిమితం చేయాలా తేలడం లేదనీ మీరు రాశారు. డంజన్ మాస్టర్‌గా, అంటే ఆటను నడిపే వ్యక్తిగా, నేను నిషేధంతో ఒక కథ, ఏ అడ్డూ లేకుండా మరో కథ నడిపాను. ఇప్పుడు పరిమితితో నడుపుతున్నాను. వీటిని బట్టి నాకు కుదిరిన అభిప్రాయం ఇది: నిషేధం అనవసరం, ఏయే క్లాసులు కలపవచ్చో జాబితా రాసుకోవడం వృథా శ్రమ, రెండో క్లాసు ఏ లెవెల్ నుంచి మొదలుపెట్టవచ్చో ఒక్కటి నిర్ణయిస్తే గొడవ చాలావరకు తగ్గుతుంది. అధికారం విషయంలో సంకోచం అక్కర్లేదు. 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ మల్టీక్లాసింగ్‌ను ఐచ్ఛిక నియమంగానే పేర్కొంది.

ముందుగా గమనించవలసింది, క్లాసులు కలిపినవారిలో ఎక్కువమంది బలపడరు, బలహీనపడతారు. ఐదో లెవెల్‌లో ఫైటర్‌కు రెండో దెబ్బ, విజర్డ్‌కు ఫైర్‌బాల్ వంటి మూడో స్థాయి మంత్రాలు వస్తాయి. మూడు లెవెళ్ల ఫైటర్‌కు మూడు లెవెళ్ల విజర్డ్‌ను కలిపిన పాత్ర మొత్తం ఆరో లెవెల్‌కు చేరినా ఈ రెండింటిలో ఏదీ దానికి దక్కదు. పైగా బలం, చురుకుదనం, కరిజ్మా (వ్యక్తిత్వ ఆకర్షణ) వంటి సామర్థ్యాలను పెంచుకునే అవకాశం ఒక్కో క్లాసులో నాలుగో లెవెల్‌కు వస్తుంది కాబట్టి, ఆ పాత్ర దాన్ని కూడా ఇంకా అందుకోలేదు. అడ్డు లేకుండా నడిపిన కథలో ఇలా సగం సగం పంచుకున్నవారే తమ పాత్రలు పోరాటాల్లో వెనకబడుతున్నాయని నా దగ్గర వాపోయారు. వీరి కోసం కొత్త నిషేధం అక్కర్లేదు, ఉన్న నియమమే వీరిని కావలసినంత శిక్షిస్తోంది.

అసలు చిక్కు ఒకటి రెండు లెవెళ్ల మేరకే ఇంకో క్లాసులో తల దూర్చి వచ్చేవారితోనే. ఐదో ఎడిషన్‌లో చాలా క్లాసులు తమ సొత్తులో పెద్ద వాటాను మొదటి రెండు మూడు లెవెళ్లలోనే చేతిలో పెడతాయి. 2017లో వచ్చిన హెక్స్‌బ్లేడ్ అనే వార్లాక్ సబ్‌క్లాసు (క్లాసులోని ప్రత్యేక శాఖ) మొదటి లెవెల్‌లోనే ఒక ఆయుధాన్ని కరిజ్మాతో ప్రయోగించే శక్తిని ఇస్తుంది. దానికి తోడు రక్షణనిచ్చే షీల్డ్ మంత్రం, షార్ట్ రెస్ట్‌తో (చిన్న విరామంతో) తిరిగివచ్చే ఒక స్పెల్ స్లాట్ (ఒకసారి మంత్రం వేసే అవకాశం) కూడా లభిస్తాయి. పాలడిన్ ఆ స్లాట్‌ను స్మైట్‌కు (తగిలిన దెబ్బకు అదనపు నష్టం జోడించే శక్తికి) వాడుకోవచ్చు. మామూలుగా బలాన్నీ కరిజ్మానూ రెండింటినీ పోషించవలసిన పాలడిన్ ఇక ఒక్క కరిజ్మా మీదే దృష్టి పెడితే సరిపోతుంది. మీ ఆటలో జరుగుతున్నది బహుశా ఇదే.

కలిపే క్లాసులకు కీలకమైన సామర్థ్యాలు కనీసం 13 ఉండాలనే పుస్తకంలోని నిబంధన దీన్ని ఆపుతుందని అనుకోవద్దు. పాలడిన్‌కు వార్లాక్‌ను కలపాలనుకునే ఆటగాడి కరిజ్మా ఎలాగూ ఎక్కువగానే ఉంటుంది, మిగిలిన బలాన్ని 13 దాకా తేవడం అతనికి భారం కాదు. అదే ఎవరైనా ముచ్చటపడి పాలడిన్‌ను మాంక్‌తో కలపబోతే బలం, కరిజ్మా, చురుకుదనం, వివేకం నాలుగూ 13 ఉండాలి. అంటే ఈ నిబంధన నిరపాయమైన కలయికలను గుమ్మంలోనే ఆపి, బలమైనవాటిని లోపలికి పంపిస్తుంది! కొందరు దీన్ని 15కు పెంచుతుంటారు. నా దృష్టిలో దానివల్ల ఆ తప్పు ఇంకా ముదురుతుంది తప్ప సరికాదు.

నేను అమలు చేస్తున్న నియమం ఇది: మొదటి క్లాసులో ఐదు లెవెళ్లు పూర్తయ్యాకే రెండోదాన్ని తీసుకోవాలి, మూడో క్లాసు ఉండదు. దీనివల్ల రెండు ప్రయోజనాలు కలిగాయి. విజర్డ్‌గా ఎదగదలచినవారు మొదటి లెవెల్ మాత్రం ఫైటర్‌గా తీసుకుని భారీ కవచాన్నీ కాన్‌స్టిట్యూషన్ సేవ్‌నూ (దేహదారుఢ్యంతో ఆపదను తట్టుకునే పాచికల పరీక్షలో నైపుణ్యాన్నీ) సంపాదించుకునే దారి మూసుకుపోయింది, ఎందుకంటే ఫైటర్‌ను తర్వాత చేర్చుకుంటే ఆ రెండూ రావు. రెండో ప్రయోజనం నేను ఊహించనిది. వార్లాక్ మీద కన్నేసిన మా పాలడిన్ ఐదు లెవెళ్లు ఓపిక పట్టింది. తీరా సమయం వచ్చేసరికి, ఆరో లెవెల్‌లో తన చుట్టూ పది అడుగుల లోపున్న మిత్రులందరి సేవ్‌లకు తన కరిజ్మా బోనస్‌ను కలిపే ఆరా (రక్షణ వలయం) ఎదురుగా కనిపించి, ఏది వదులుకోవాలో తేల్చుకోలేక, చివరకు వార్లాక్‌ను ఇంకో లెవెల్ వాయిదా వేసింది. మొదటి లెవెళ్లలో ఉచితంగా దొరికినట్టుండే లాభం ఐదు దాటాక ఏదో ఒకటి చెల్లించి కొనుక్కోవలసిన వస్తువవుతుంది.

రెండో క్లాసుకు కథలో కారణం చూపించాలనే షరతు చాలామందికి నచ్చుతుంది, నాకు నచ్చదు. మాటకారి ఆటగాడు ఏ కలయికకైనా నిమిషంలో కథ అల్లేస్తాడు. మితభాషి నిజాయితీగా కోరుకున్నది కూడా అడగలేక ఊరుకుంటాడు. కథ కావాలని అడగండి, బాగుంటే ఆనందించండి, కానీ దాన్ని పరీక్షగా పెట్టవద్దు.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ క్లాసుల లెవెళ్ల మధ్య తేడా ఒకటికి మించితే అనుభవ పాయింట్లలో 20 శాతం కోత విధించేది, ఆయా జాతులకు అనుకూలమైన క్లాసును మాత్రం లెక్క నుంచి మినహాయించేది. ఇప్పుడు చాలామంది పాయింట్లు లెక్కించకుండా కథలోని మజిలీలను బట్టి లెవెల్ ఇస్తున్నారు కనుక ఆ కోతను తిరిగి తెచ్చినా ఫలితం ఉండదు. 2024 నాటి కొత్త నియమాల్లో సబ్‌క్లాసులన్నీ మూడో లెవెల్‌కు జరిగాయి గానీ, కరిజ్మాతో ఆయుధం వాడే వెసులుబాటు వార్లాక్‌కు మొదటి లెవెల్‌లోనే ఇంకో రూపంలో దొరుకుతోంది. కాబట్టి కొత్త పుస్తకానికి మారినంత మాత్రాన మీ చిక్కు తీరదు.

లెవెల్ హద్దుకు లొంగని కలయికలూ ఒకటి రెండు ఉన్నాయి. వార్లాక్ స్లాట్లను సోర్సరర్ (సహజ మంత్రశక్తి గలవాడు) క్లాసుకు ఉండే సోర్సరీ పాయింట్లుగానూ, వాటిని మళ్లీ సోర్సరర్ స్లాట్లుగానూ మారుస్తూ, లాంగ్ రెస్ట్ (రాత్రంతా విశ్రాంతి) ఎగ్గొట్టి మంత్రాలను గుట్టలుగా పోగేసే పద్ధతి వాటిలో ప్రసిద్ధమైనది. అటువంటిదానికి సాధారణ నియమం వెతకకుండా, వార్లాక్ స్లాట్లు పాయింట్లుగా మారవని ఒక్క వాక్యం చెబితే చాలు.

ఇప్పుడు మీ పాలడిన్ సంగతి. నడుస్తున్న కథలో ఉన్న లెవెల్‌ను వెనక్కి లాక్కోవద్దు. కొత్త నియమాన్ని తర్వాతి కథకు సెషన్ జీరోలో (ఆట మొదలుకాకముందు అందరూ కలిసి కూర్చునే సమావేశంలో) ప్రకటించండి. ఈలోగా మీ ఆటలో ఒక లాంగ్ రెస్ట్‌కూ ఇంకోదానికీ మధ్య ఎన్ని పోరాటాలు జరుగుతున్నాయో లెక్క చూడండి. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ రోజుకు ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠిన పోరాటాలను దృష్టిలో పెట్టుకుంది. రోజుకు ఒకే పోరాటం ఉంటే పాలడిన్ తన స్లాట్లన్నీ రెండు మూడు రౌండ్లలో స్మైట్‌లుగా కుమ్మరించేస్తాడు, వార్లాక్ లెవెల్ లేకపోయినా మిగతావారిని మించిపోతాడు. పోరాటాలను నాలుగైదుకు పెంచి, మధ్యలో విశ్రాంతి అంత సులువుగా దొరకకుండా రెండు మూడు సెషన్లు నడిపి చూడండి. అప్పటికీ అదే అంతరం కనిపిస్తే తప్పు ఆ కలయికదే. అంతరం తగ్గిపోతే మీకు మల్టీక్లాసింగ్ మీద కొత్త నియమంతో పనే ఉండకపోవచ్చు.