నోటు మీద ఎవరి ముఖం?

ప్రశ్న: కరెన్సీ నోటు మీద ఎవరి బొమ్మ ఉండాలన్న దాని మీద మా ఇంట్లో వారం రోజులుగా ఒకటే గొడవ. దేశాన్ని నడిపిన నాయకులు తప్ప ఇంకెవరూ పనికిరారని మా మామగారు. సైంటిస్టులు కావాలని మా అబ్బాయి. ఒక్క రచయిత్రైనా ఉంటే తప్పేంటని నేనంటే ఇద్దరూ కలిసి నవ్వారు. మీరు బ్యాంకులో పనిచేసినవారు కదా, తీర్పు చెప్పండి. (ఒక పాఠకురాలు)

జవాబు: తీర్పు చెప్పే అర్హత నాకుందో లేదో ఈ సంగతి విని మీరే తేల్చండమ్మా. ముప్ఫై ఏళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్నాను. కట్ట కట్టే ముందు నోట్లన్నీ బొమ్మ పైకి, తల ఒకే వైపు ఉండేలా తిప్పి పేర్చాలి. కట్టకు వంద. అలా రోజుకు ఎన్ని కట్టలో! ఒకరోజు కొత్తగా చేరిన కుర్రాడు ఒక నోటును అరచేతిలో మూసిపెట్టి, "సార్, దీని మీద ఉన్నాయన ఎటు చూస్తున్నారు? కుడికా, ఎడమకా?" అన్నాడు. నోట మాట రాలేదు. డబ్బు చేయి మారేటప్పుడు మనం చూసేది అంకెనే.

అయితే ఇంత గొడవ ఎందుకంటారా? ఉన్న ముఖాన్ని తీసేస్తారనో, కొత్తది వస్తుందనో తెలిసినప్పుడే జనం నోటుకేసి కళ్లు పెట్టి చూస్తారు. మిమ్మల్ని చూసి నవ్విన ఇద్దరికీ ఇంగ్లండ్ సంగతి చదివి వినిపించండి. అక్కడ ఐదు పౌండ్ల నోటు వెనక జైళ్ల సంస్కరణ కోసం పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై ఉండేది. ఆమె స్థానంలో చర్చిల్‌ను వేస్తామని 2013లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ చెప్పింది. అలా చేస్తే వాళ్ల నోట్ల మీద రాణి తప్ప ఇంకో ఆడమనిషి మిగలదు. కారొలిన్ క్రియాడో పెరెజ్ అనే ఆవిడ సంతకాలు సేకరించి పోరాడింది. బ్యాంకు దిగొచ్చి, పది పౌండ్ల నోటుకు జేన్ ఆస్టెన్‌ను ఖాయం చేసింది. కథ అక్కడితో సుఖంగా ముగియలేదు. నవలలు రాసిన ఒకావిడ బొమ్మ అడిగినందుకు పెరెజ్‌ను చంపుతామని ట్విట్టర్లో బెదిరించారు. ఇద్దరు జైలుకెళ్లారు. ఆస్టెన్ నోటు 2017లో వచ్చింది. చదవడాన్ని మించిన ఆనందం లేదని ఆమె నవలలోనే ఉన్న ఒక వాక్యాన్ని ఆ నోటు మీద వేశారు. నవలలో ఆ మాట అనే పాత్రకు పుస్తకమంటే బొత్తిగా గిట్టదు! నాకు మాత్రం ఆ పొరపాటు భలే నచ్చింది.

మీ అబ్బాయి కోరికా వింతదేం కాదు. యాభై పౌండ్ల నోటుకు ఒక సైంటిస్టు పేరు చెప్పమని 2018లో అదే బ్యాంకు జనాన్ని అడిగింది. ఆరు వారాల్లో 2,27,299 సూచనలు వచ్చాయి. వాటిలో నుంచి 989 మంది శాస్త్రవేత్తలు తేలారు. చివరికి ఎంపికైంది కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్. స్వలింగ సంపర్కుడని 1952లో ఇదే దేశపు కోర్టు ఆయనకు శిక్ష వేసింది. 2021లో ఆయన పుట్టినరోజు, జూన్ 23న, నోటు విడుదలైంది.

ఇక మామగారి నాయకుల సంగతి. అమెరికా ఇరవై డాలర్ల నోటు మీద 1928 నుంచి ఆండ్రూ జాక్సన్ ఉన్నాడు. అధ్యక్షుడు, యుద్ధవీరుడు, అంతా నిజమే. బానిసలను పెట్టుకున్నవాడు, అక్కడి మూలవాసులను వాళ్ల నేలల నుంచి వెళ్లగొట్టే చట్టం మీద 1830లో సంతకం పెట్టినవాడు కూడా ఆయనే. పైగా ఆయనకు కాగితం డబ్బంటే నమ్మకం లేదు, బ్యాంకులంటే మంట. ఆయన బదులు, తాను బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చి ఎందరినో విడిపించిన హారియట్ టబ్‌మన్‌ను వేస్తామని 2016లో ప్రకటించారు. 2019లో వాయిదా వేశారు.

ఎవరు తేలుస్తారంటే, దేశానికో పద్ధతి. మన దేశంలో రిజర్వ్ బ్యాంక్ బోర్డు సిఫారసు చేస్తుంది, కేంద్ర ప్రభుత్వం ఆమోదిస్తుంది. నాకు నచ్చింది జపాన్ వాళ్ల వరస. 1984, 2004, 2024... ఇరవై ఏళ్లకోసారి నోట్ల మీది ముఖాలను మారుస్తున్నారు. ఒకాయన్ను దించితే అవమానమన్న టెన్షన్ ఉండదు, వంతు అయిపోయిందంతే. మీ ఇంట్లో కూడా ముగ్గురికీ తలా ఇరవై ఏళ్లు ఇచ్చేయండి. ముందు వంతు మీదే, వాళ్లు నవ్వారు కాబట్టి.

ప్రశ్న: గడ్డం ఉన్నవాళ్లకే నోటు మీద చోటిస్తారట, నిజమేనా? (తొమ్మిదో తరగతి విద్యార్థి)

జవాబు: పూర్తిగా కాదు బాబూ, కానీ వట్టి పుకారూ కాదు. నోటు మీది ముఖాన్ని సన్నటి గీతలతో చెక్కుతారు. గడ్డం, ముడతలు ఉంటే గీతలు ఎక్కువ, దొంగనోటు వేసేవాడికి చాకిరీ ఎక్కువ. జపాన్లో షిబుసావా ఎయిచీ అనే వ్యాపారవేత్త పేరు 1963 నోటుకు చివరిదాకా వచ్చి, గడ్డం లేదని ఆగిపోయింది. గడ్డమున్న ఇతో హిరోబుమికి దక్కింది. మరి 2024లో పదివేల యెన్‌ల నోటు మీదికి షిబుసావాయే వచ్చాడు. ఇప్పుడు నోటు వంచితే ముఖం తిరిగినట్టు కనిపించే హోలోగ్రామ్ ఉంది, గడ్డంతో పనేముంది?

ప్రశ్న: బతికున్నవాళ్ల బొమ్మ వేస్తే తప్పేమిటి?

జవాబు: అమెరికాలో నోట్ల ముద్రణ చూసే అధికారి స్పెన్సర్ క్లార్క్ ఐదు సెంట్ల నోటు మీద తన బొమ్మే వేసుకున్నాడు! చట్టసభ మండిపడి, బతికున్నవాళ్ల బొమ్మలు వేయకూడదని 1866లో చట్టం చేసింది. ఆఫ్రికాలోని జైర్ దేశంలో నియంత మొబుటు గద్దె దిగాక 1997లో కొత్త నోట్లు అచ్చు వేసే తీరిక లేక, పాత నోట్ల మీద ఆయన ముఖం ఉన్నచోట గుండ్రంగా చిల్లు కొట్టి వాడారు. ఇంకేం చెప్పను?

ప్రశ్న: అసలు మనుషుల బొమ్మలే మానేస్తే ఏ గొడవా ఉండదు కదా?

జవాబు: యూరోప్ వాళ్లు అలాగే అనుకున్నారు. మనుషుల బదులు వంతెనల బొమ్మలు వేద్దామన్నారు. నిజంగా ఉన్న ఏ వంతెన వేసినా అది ఫలానా దేశానిదవుతుందని, ఎక్కడా లేని వంతెనలను ఊహించి గీయమన్నారు. రాబర్ట్ కాలినా గీశాడు, 2002లో యూరో నోట్లు చేతికొచ్చాయి. తర్వాత నెదర్లాండ్స్‌లోని స్పైకెనిస్సె అనే ఊళ్లో, రాబిన్ స్టామ్ అనే డిజైనర్ ఆలోచనతో, ఆ ఏడు వంతెనలనూ నోట్లలో ఉన్న రంగులతోనే నిజంగా కట్టేశారు. ఇప్పుడవి ఆ ఊరివే.