అడిగితే చెబుతా: రాందిన్‌ది ఏ ఊరు?

ప్రశ్న: మా ఇల్లు పీఎం పాలెం స్టేడియం దగ్గర. పాత వెస్టిండీస్ మ్యాచ్‌లు చూస్తూ మావాడు ‘రాందిన్, రాంపాల్ అని మన పేర్లు వాళ్లకెలా వచ్చాయి నాన్నా’ అని పట్టుకున్నాడు. మనవాళ్లేనా? అందులో తెలుగువాళ్లున్నారా?

జవాబు: మనవాళ్లే, కానీ మన వైపు వాళ్లు కాదు. ఆ ఇద్దరిదీ ట్రినిడాడ్ దీవి. అక్కడి చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు పనిచేసేవారు. 1834లో చట్టం వాళ్లకి విడుదల ఇచ్చింది, అయినా అప్రెంటిస్ అనే పేరు పెట్టి ఇంకో నాలుగేళ్లు లాగి 1838లో గానీ వదల్లేదు. వదిలాక తోటల దొరల కన్ను ఇటు పడింది. ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి బయల్దేరి, మూడు నెలలకు పైగా సముద్రం మీద నలిగి, 1845 మే 30న రెండొందల పైచిలుకు మందిని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో దించింది. అప్పట్నుంచి 1917 దాకా వెళ్లినవాళ్లు లక్షా నలభై వేలకు పైనే. ఎక్కువమంది బీహార్, తూర్పు యూపీ జనం, అందుకే ఆ పేర్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లు తక్కువ. వాళ్లలో అరవలూ తెలుగువాళ్లూ ఉన్నారుగానీ అక్కడ అందరూ కలిపి ‘మద్రాసీ’లే. మన కోస్తా జనం ఎక్కువగా పోయింది రంగూన్‌కి, మారిషస్‌కి.

ఒప్పందం అయిదేళ్లు. తోట దాటి బయటికి వెళ్లాలంటే చేతిలో పాస్ ఉండాలి. మనం రోజూ వాడే ‘కూలీ’ మాట అక్కడ ఇప్పటికీ తిట్టు, మీవాడు ఎప్పుడైనా వెళితే పొరపాటున కూడా అననివ్వకండి.

నేను ఓడ ఇంజన్ రూమ్‌లో పనిచేసే రోజుల్లో మా ఓడ అమ్మోనియా కోసం పాయింట్ లీసాస్ రేవులో ఆగింది. ఖాళీ దొరికితే వాటర్లూ అనే పల్లెకి వెళ్లాను, అక్కడ సముద్రంలో గుడి ఉందంటే. సియూదాస్ సాధు అనే తోట కూలీ 1947లో ఒడ్డున గుడి కట్టుకున్నాడు. స్థలం చక్కెర కంపెనీది, గుడి కూల్చేశారు, ఆయన్ని జైల్లో పెట్టారు. బయటికొచ్చి, సముద్రం ఏ కంపెనీదీ కాదు కదా అని, ఆటు వేళ చూసుకుని సైకిల్ మీద రాళ్లూ సిమెంటూ మోస్తూ నీళ్లలోకే బాట వేసుకుంటూ పోయాడు. ఒకటీ రెండూ కాదు, పాతికేళ్లు! భారతీయులు వచ్చి 150 ఏళ్లయిన సందర్భంగా 1995లో ప్రభుత్వమే దాన్ని తిరిగి కట్టించింది. మే 30 ఇప్పుడు దేశమంతటికీ సెలవు. దీపావళికీ సెలవే.

ప్రశ్న: మాది మల్కాపురం, రిఫైనరీ పక్కన. ఆయిల్ డ్రమ్ముతో సంగీతం అంటే నమ్మమంటారా?

జవాబు: నమ్మండి, ట్రినిడాడ్‌లో నేను విన్నాను. 1880ల్లో అక్కడ కార్నివాల్ అనే వీధి పండుగలో గొడవలయ్యాయని బ్రిటిష్‌వాళ్లు చర్మవాద్యాల మీద ఆంక్షలు పెట్టారు. జనం వెదురు బొంగులు నేలకేసి కొట్టారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, చెత్తడబ్బా మూతలు. 1940ల్లో 55 గ్యాలన్ల ఆయిల్ డ్రమ్ములకు వచ్చారు. డ్రమ్ము అడుగుని సమ్మెటతో కొట్టి కొట్టి మూకుడులా లోపలికి దించుతారు, స్వరాలకి గళ్లు గీసి, పక్క రేకు కోసి, మంట మీద కాలుస్తారు. అక్కణ్నుంచి చిన్న సుత్తితో ఒక్కో గడినీ శ్రుతి చేయడమే, ఆ ఓపిక అందరికీ ఉండదు. వాయించేది చివర రబ్బరు చుట్టిన పుల్లలతో. మొదట్లో ఇది రౌడీల వాయిద్యమని పోలీసులు తరిమారట, ఇప్పుడది జాతీయ వాయిద్యం. కార్నివాల్ ముందు ‘పనోరమా’ పోటీ 1963 నుంచీ ఉంది. మీ వీధి చివర తుప్పు పట్టే డ్రమ్ముని మాత్రం కొట్టి చూడకండి, లోపల ఆవిరి మిగిలితే ప్రమాదం.

ప్రశ్న: అక్కడ పీర్ల పండుగ చేస్తారని విన్నాను, నిజమేనా అండీ? (వన్ టౌన్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: చేస్తారమ్మా. ‘హొసే’ అంటారు. మన పీర్లలాంటివి కాదు, వెదురూ రంగు కాగితాలతో కట్టిన పెద్ద తాజియాలు, అంటే సమాధి నమూనాలు. మనవాళ్లు డప్పు కాచినట్టే తాసా డ్రమ్ములు మంట దగ్గర కాచి మోగిస్తారు. ఇక్కడిలాగే అక్కడా హిందువులు కలిసేవారు, ఆఫ్రికా సంతతి వాళ్లు కూడా. 1884లో ఊరేగింపులు పట్టణాల్లోకి రాకూడదన్నారు. జనం వినలేదు, అక్టోబర్ 30న శాన్ ఫెర్నాండోలో పోలీసులు కాల్చారు, చాలామంది పోయారు. ఇప్పటికీ సెయింట్ జేమ్స్‌లో, సెడ్రోస్‌లో చేస్తారు.

ప్రశ్న: శాకాహారిని. అక్కడ తినడానికేమైనా దొరుకుతుందా?

జవాబు: డబుల్స్. రెండు ‘బారా’లు, అంటే మన వడకి చుట్టమే గానీ పూరీలా మెత్తగా ఉంటాయి, వాటి మధ్య శనగల కూర, పైన చింతపండు పులుసు. కాగితంలో మెలిపెట్టి ఇస్తాడు. కారం ఎంత అని అడిగితే ‘స్లైట్’ అనండి. గుంటూరు కారం తిన్నవాణ్ని, నాకేమిటిలే అని ఎక్కువే వేయించుకుని, రోడ్డు పక్క నీళ్ల బాటిల్ కోసం పరిగెత్తాను.