గ్లూకోజ్–లాక్టోజ్ ప్రాక్టికల్‌లో రెండో మెట్టు ఎందుకు రాదు?

హనుమకొండ నుంచి ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ విద్యార్థి అడిగిన ప్రశ్న: ఈ. కోలై బ్యాక్టీరియాకి గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఇచ్చినా గ్రోత్ కర్వ్‌లో రెండు మెట్లు కనబడలేదు, ఎందుకు? (అది ముందు గ్లూకోజ్ తిని, కాసేపు ఆగి, తర్వాత లాక్టోజ్ తింటుంది, అందుకే గీత రెండు మెట్లుగా రావాలి.) గ్రాఫ్ పెట్టలేదు కాబట్టి రెండు రకాలూ చెబుతున్నా.

గీత ఒక మెట్టు ఎక్కి అక్కడే ఆగిపోతే ముందు స్ట్రెయిన్‌ను (వాడిన ఈ. కోలై రకాన్ని) అనుమానించండి. కాలేజీ ఫ్రీజర్లలో ఎక్కువగా దొరికేది క్లోనింగ్ కోసం తెచ్చిన డీహెచ్5ఆల్ఫా. లాక్టోజ్‌ను వాడుకోవడానికి కావలసిన దాని లాక్ జీన్లు పనిచేయవు, పైగా థయమిన్ వేయకపోతే ఎం9 అనే లవణాల మీడియంలో సరిగ్గా పెరగదు. మెకాంకీ ప్లేటు మీద గీసి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచండి. కాలనీలు గులాబీ రంగులో వస్తేనే, అంటే లాక్టోజ్ వాడుకుంటేనే, ఈ ప్రయోగానికి పనికొస్తాయి. లాక్ జీన్లు బాగున్న ఎంజీ1655 స్ట్రెయిన్ అయితే నిశ్చింత.

ఆగకుండా ఒకటే గీత పైకి పోతే తప్పు సీడ్‌లోనో (మొదట వేసే కల్చర్‌లోనో), గ్లూకోజ్ కొలతలోనో ఉంటుంది. ఎల్‌బీ అనే పెప్టైడ్ల మీడియంలో పెంచిన కల్చర్‌ను నేరుగా వేస్తే ఆ పెప్టైడ్లు కూడా వెంట వస్తాయి. ఎం9 గ్లూకోజ్‌లో పెంచి, చక్కెర లేని ఎం9తో రెండుసార్లు కడిగి, ఓడీ (కల్చర్ ఎంత మసకగా ఉందో చెప్పే కొలత) 0.05 దగ్గర మొదలుపెట్టండి. లాక్టోజ్‌లో పెంచిన సీడ్ అసలే వద్దు, అందులో లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ ముందే తయారై ఉంటుంది.

లీటరు ఎం9కి నీళ్లు లేని డైసోడియం ఫాస్ఫేట్ 6.8 గ్రా., మోనోపొటాషియం ఫాస్ఫేట్ 3, సోడియం క్లోరైడ్ 0.5, అమ్మోనియం క్లోరైడ్ 1. బోరు నీళ్లు కాదు, డిస్టిల్డ్ వాటరే. ఆటోక్లేవ్ అయి చల్లారాక 1 మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ 2 మి.లీ., 1 మోలార్ కాల్షియం క్లోరైడ్ 0.1 మి.లీ. కలపాలి, ముందే కలిపితే తెల్లగా అడుగున దిగుతుంది. చక్కెరలను 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి వేయండి: గ్లూకోజ్ 0.4 గ్రా., లాక్టోజ్ 1.6 గ్రా. ఈ లెక్కన ఓడీ సుమారు 0.5 దగ్గర గ్లూకోజ్ అయిపోతుంది. 2 గ్రాములు వేస్తే ఆ మలుపు సాయంత్రానికి గానీ రాదు, అప్పటికి ఓడీ మీటరు సరిగ్గా కొలిచే హద్దు దాటిపోతుంది.

తొమ్మిదింటికి మొదలుపెడితే మలుపు సరిగ్గా లంచ్ టైమ్‌కి వస్తుంది! అది అరగంట అటూఇటూ మాత్రమే ఉంటుంది, అందుకే ఓడీ 0.3 దాటాక ప్రతి 10 నిమిషాలకు రీడింగ్ తీయాలి. కరెంటు పోయి షేకర్ ఆగినా గీత చదునవుతుంది. ఆ టైమ్ నోట్‌బుక్‌లో రాసుకోకపోతే దాన్నే మెట్టు అనుకుంటారు. ఎండకాలంలో కూలింగ్ లేని షేకర్ 37 దగ్గర నిలవదు, థర్మామీటర్ పెట్టి చూడండి.

ఇక కారణం. సైక్లిక్ ఏఎంపీ (కణంలోని ఒక సంకేత అణువు) తగ్గడమే అని నోట్సులో ఉంటుంది, అది సగమే. గ్లూకోజ్ లోపలికి వస్తున్నంతసేపూ ఈఐఐఏ అనే ప్రోటీన్ తన ఫాస్ఫేట్‌ను కోల్పోతూ ఉంటుంది. ఫాస్ఫేట్ లేని ఈఐఐఏ, లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే పర్మియేజ్‌ను పట్టుకుని దారి మూస్తుంది. లాక్టోజ్ రాకపోతే దాని నుంచి తయారయ్యే అలోలాక్టోజ్ లేదు, అది లేక లాక్ జీన్లను ఆపే రిప్రెసర్ డీఎన్ఏను వదలదు. బయటినుంచి సైక్లిక్ ఏఎంపీ పోస్తే రెండు మెట్ల మధ్య విరామం పోయినా, గ్లూకోజ్ లాక్ జీన్లను అణచడం మాత్రం పోదని 1996లో జపాన్ పరిశోధకులు చూపించారు. రిప్రెసర్‌ను డీఎన్ఏ నుంచి వదిలించే ఐపీటీజీ వేస్తే ఆ అణచివేత కూడా పోతుంది. కాబట్టి ఒక ఫ్లాస్కులో 1 మిల్లీమోలార్ ఐపీటీజీ కంట్రోల్‌గా పెట్టండి, వైవాలో అడిగేది అదే.

వీలైతే విరామంలో తీసిన శాంపిళ్లను ఐస్‌లో ఉంచి ఓఎన్‌పీజీ పరీక్ష (లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్‌ను పసుపు రంగుతో కొలిచేది) కూడా చేయండి. ఓడీ కదలకముందే పసుపు రంగు పెరగడం కనబడుతుంది. 420 నానోమీటర్ల దగ్గర చదివేముందు, కణాలను తెరవడానికి వేసిన క్లోరోఫామ్ అడుక్కి దిగనివ్వాలి, లేకపోతే ప్లాస్టిక్ క్యువెట్ మసకబారి రీడింగ్ పాడవుతుంది.